వేలికొసన నల్లరాయి

తెల్లరాళ్లపాళెం దాటాక, ఎప్పుడో మూతబడిన మైకా గని దిబ్బ మీద హైమవతి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆమె ముందు నాలుగు నల్లరాళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని ఏరి పెట్టింది డాక్టర్ ఎబెనేజర్. ఆయన కాస్త అవతల గొడుగు కింద నిలబడి, పరీక్ష రాస్తున్న పిల్లని చూసే మాస్టారిలా చూస్తున్నాడు.

"ముందు మామూలుగా చెప్పండి హైమవతి గారూ. కళ్లతో."

అది ఆమెకి కష్టమేమీ కాదు. గూడూరు చుట్టుపక్కల గుట్టల్లో, గనుల్లో తిరిగి తిరిగి సగం జీవితం గడిపిన భూగర్భ శాస్త్రవేత్త ఆమె. మొదటి రాయికి అయస్కాంతం ఆనించింది. టక్కున అంటుకుంది. "మాగ్నెటైట్." రెండోదాని ఒంటినిండా నిలువు గీతలు. "టూర్మలిన్." మూడోదాన్ని సుత్తితో కొడితే మెట్లు మెట్లుగా విడిపోయింది. "హార్న్‌బ్లెండ్." నాలుగోదాన్ని మాత్రం ఎండకి అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. పైన తుప్పు రంగు పొర. విరిగిన చోట తారు ముద్ద పగిలినట్టు నల్లటి నున్నటి మెరుపు. దాన్ని పొదువుకుని ఉన్న తెల్లరాయి మాత్రం ఎర్రబారి, బండిచక్రం ఆకుల్లా చుట్టూ పగుళ్లు తీసి ఉంది.

"ఇది అలనైట్ అనుకుంటున్నాను. మన కంపెనీ వెతుకుతున్నది దీన్నే. సీరియం, లాంథనం, నియోడిమియం లాంటి అరుదైన లోహాలన్నీ ఇందులో ఉంటాయి. కిరణాలు చిమ్మే థోరియం కూడా కాస్త ఉంటుంది. ఈ పగుళ్లు దాని పనే. కోట్ల ఏళ్లుగా లోపల్నించి తన్ను తాను కొట్టుకుని, పక్కరాయిని కూడా పగలగొట్టింది. కానీ ప్రయోగశాలకి పంపితే గానీ ఖాయంగా చెప్పలేను."

"ఇప్పుడు కళ్లు మూసుకోండి. నేను రాళ్లు కలిపేస్తాను."

హైమవతి కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. మొదటి రాయి మీద వేళ్లు ఆనించింది. ఏమీ లేదు. రెండోదాని మీద పెట్టీ పెట్టగానే వేలికొసల్లో ఏదో చిమచిమలాడింది. నిమ్మతొక్క పిండినప్పుడు చర్మం మీద పడే తుంపరలాగా, సన్నగా, చల్లగా.

"ఇదే," అంది.

కళ్లు తెరిచింది. తారు మెరుపు రాయి మీద ఆమె చెయ్యి ఉంది. ఎబెనేజర్ గొడుగు కింద పడేసి, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకెత్తాడు.

తిరుపతిలోని ఆయన ప్రయోగశాలలో ఆమె పది వేళ్ల కొసల్లోనూ, చర్మం కింద, ఉల్లిపొర కన్నా పలచటి పొరలు అమర్చారు. అలనైట్ లోంచి వచ్చే సన్నటి కిరణాలని ఆ పొర పసిగట్టి నరానికి అందిస్తుంది. దాని అర్థమేమిటో మెదడు తనంతట తాను నేర్చుకోవాలి. మొదట్లో హైమవతికి అంతా గందరగోళంగా ఉండేది. తలుపు గొళ్లెం పట్టుకున్నా, దువ్వెన పట్టుకున్నా చిమచిమలే. రాళ్లు పట్టుకోగా పట్టుకోగా మెదడు దారిలో పడింది. ఇక నమూనాలు పంపి, ఫలితాల కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు. కొండ మీద నడుస్తూ చేత్తో తడిమితే చాలు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అంబిక వంటింటి గడపలో కూర్చుని ఉంది. నిమ్మకాయల మార్కెట్ నుంచి అప్పుడే వచ్చినట్టుంది. చీర నిండా ఆ వాసనే.

అంబిక హైమవతి చెల్లెలు. బళ్లో చదువుకునే వయసులో మెదడువాపు జ్వరం వచ్చి, చూపూ వినికిడీ ఒకేసారి పోయాయి. జ్వరం తగ్గి లేచిన రోజున అక్క చెయ్యి వెతికి పట్టుకుని, అరచేతిలో వేలితో రాసింది. "లైటెయ్యి" అని. అప్పట్నించీ వాళ్లు అలాగే మాట్లాడుకుంటున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ దీర్ఘాలూ ఒత్తులూ రాలిపోయి, అది వాళ్ల సొంత భాషైపోయింది. చిటికెనవేలు నొక్కితే అవునని. బొటనవేలి కింద గోటితో గీరితే నోర్మూసుకోమని. అమ్మానాన్నలు పోయాక ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. అంబిక మార్కెట్లో కాయల సైజు చేత్తో చూసి బుట్టల్లోకి వేరు చేస్తుంది. పక్కన కూర్చునే మస్తానమ్మ కూడా చేతిరాత నేర్చుకోవడంతో, అంగడి కబుర్లన్నీ అంబికకి అందుతాయి. అవన్నీ సాయంత్రానికి అక్క అరచేతిలోకి వచ్చేస్తాయి.

ఆ రోజు కూడా మొదలుపెట్టింది. ఎవరో మద్రాసు వ్యాపారి లారీ ఎక్కించాక సరుకు బాగాలేదన్నాడట. మేస్త్రీ పెళ్లాం వచ్చి అతన్ని చెడామడా తిట్టిందట. అంబిక నవ్వుకుంటూ వేగంగా రాసుకుపోతోంది. హైమవతికి మధ్యలో ఒక మాట అందలేదు. తర్వాత ఇంకోటి. నీళ్ల అడుగు నుంచి ఎవరో పిలుస్తున్నట్టు, వేలు కదులుతున్నట్టు తెలుస్తోంది గానీ అక్షరం తెలియడం లేదు. తల వంచి తన అరచేతి వైపు చూసింది. అంబిక వేలు ఎటు తిరుగుతోందో కళ్లతో చదువుకుంది. నవ్వాల్సిన చోట చిటికెనవేలు నొక్కింది.

*

తెల్లరాళ్లపాళెంలో పని చేసేటప్పుడు హైమవతి మధ్యాహ్నం పూట పెంచలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని అన్నం తినేది. పెంచలమ్మ మొగుడు ఆ గనిలోనే పనిచేసి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. కొడుకు నెల్లూరులో లారీ నడుపుతాడు. కోడలు కస్తూరి, ఆమె చంటిపిల్లా అత్త దగ్గరే ఉంటారు.

ఒకరోజు ఎండ మరీ ఎక్కువగా ఉంటే కస్తూరి, "లోపలికి రామ్మా, ఆడ ఎంతసేపని కూకుంటావు," అని పిలిచింది. హైమవతి లోపలికి వెళ్లి, తల తగలకుండా దూలం కింద వంగి, పక్కనున్న గోడని పట్టుకుంది.

చిమచిమ కాదది. ఉడుకునీళ్లలో చెయ్యి పెట్టినట్టయింది.

చెయ్యి వెనక్కి తీసుకుని చూసింది. సున్నం రాలిపోయిన చోట గోడలో తెల్లరాయి కనిపిస్తోంది. దాని మధ్యలో పిడికిలంత నల్లటి ముద్ద. చుట్టూ ఎర్రటి వలయం, పగుళ్లు. పక్కన ఇంకొకటి. ఆ గోడని ఆనుకునే పాప ఉయ్యాల వేలాడుతోంది.

"అవ్వా, ఈ గోడ రాళ్లు యాడివి?" అని లోపలే ఉన్న పెంచలమ్మని అడిగింది.

"ఇంకెక్కడివమ్మా, గని దిబ్బవే. మా ఆయన ఒక్కొక్కటే మోసుకొచ్చి పెట్టినాడు. ఊళ్లో ఏ ఇంటికైనా అవే రాళ్లు గదా. ఊరకే వచ్చేవి. మంచి గట్టి రాళ్లు." పెంచలమ్మ గోడని మురిపెంగా తట్టింది. "ఏంది, ఏమైనా పనికొచ్చే రాయా?"

హైమవతి గోడ మీంచి ఉయ్యాల వైపు చూసింది. ఇవాళో రేపో ఎవరికీ ఏమీ కాదు. కానీ ఈ దిబ్బ అలనైట్‌లో థోరియం మామూలు కన్నా చాలా ఎక్కువ. గాలి ఆడని గదిలో, గోడ పక్కన, ఏళ్ల తరబడి పెరిగే బిడ్డ సంగతి వేరు. పెంచలమ్మ మొగుడిని తిన్నది మైకా దుమ్మో, ఈ గోడో ఎవరు చెప్పగలరు?

"ఉయ్యాల ఆ పక్క దూలానికి కట్టు కస్తూరీ," అంది చివరికి. "ఈ గోడకి దూరంగా. ఎందుకో తర్వాత చెప్తాను."

కస్తూరి ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఉయ్యాల విప్పింది.

*

మరుసటి వారం తిరుపతిలో ఎబెనేజర్ ఆమె కళ్లకి గుడ్డ కట్టి, వేళ్ల మీద దూది రుద్దాడు. తర్వాత గుండుసూది ఆనించాడు. తర్వాత వేడినీళ్ల గ్లాసు.

"ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగింది హైమవతి.

ఆయన గుడ్డ విప్పేసి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన మొహం చూడగానే ఆమెకి అర్థమైంది.

"మెదడులో చేతికి ఉన్న చోటు ఇంతేనండీ. కొత్త కబురుకి చోటివ్వడానికి పాతదాన్ని బయటికి తోసేస్తోంది. ఇలా అవుతుందని నేను ఊహించలేదు. ఊహించి ఉండాల్సింది." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు తీసేస్తే స్పర్శ తిరిగొస్తుంది, చాలావరకు. కంపెనీ సర్వే ఎలాగూ అయిపోయింది. గురువారం తీసేద్దాం."

హైమవతి తెల్లరాళ్లపాళెం ఇళ్ల గురించి చెప్పింది.

"కిరణాలు కొలిచే మీటరు పెట్టి చూడొచ్చుగా?" అన్నాడు ఎబెనేజర్.

"పెట్టి చూశాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ ముల్లు తిరుగుతోంది. ఇల్లు మొత్తం చెడ్డదంటోంది గానీ ఏ రాయో చెప్పదు. పైన సున్నం ఉంది, కళ్లకి కనబడదు. మీటర్ని నమ్మితే ఊరు ఊరంతా పడగొట్టాలి. వాళ్లు మళ్లీ ఎక్కడ కట్టుకుంటారు? నా చేతికైతే సున్నం మీదనుంచే తెలుస్తుంది, ఫలానా రాయని. అది ఒక్కటీ తీసి ఇటుక పెడితే సరిపోతుంది."

"ఇంకెవరికైనా అమర్చి..."

"ఇంకొకరి చేతులా?"

ఎబెనేజర్ తల దించుకున్నాడు. "లేదు. ఇంకెవరికీ పెట్టను," అన్నాడు. "మీరు ఆ ఊరు పూర్తి చేసేసరికి స్పర్శ తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. నేనైతే వద్దనే చెబుతాను. మీ చెల్లెలి సంగతి నాకు తెలుసు."

హైమవతి గురువారానికే ఒప్పుకుని ఇంటికొచ్చింది.

*

అంబిక ఆ రోజు కబుర్లేమీ చెప్పలేదు. అక్క రెండు చేతులూ పట్టుకుని ఊరికే కూర్చుంది. తర్వాత ఒక చెయ్యి హైమవతి మొహం మీదకి పోనిచ్చి, గడ్డం తడిమింది. తల వంగి ఉంది. రెప్పలు కిందికి ఉన్నాయి.

"చూస్తున్నావా?" అని రాసింది.

హైమవతి ఆమె చిటికెనవేలు నొక్కింది.

అంబిక అక్క చేతిని వెనక్కి, నడుము వెనక్కి లాగింది. అక్కడ ఏదో రాసింది. మళ్లీ రాసింది. మూడోసారి గట్టిగా గోరు దిగేలా రాసింది. ఆపి ఎదురుచూసింది. ఏం రాసిందని అడుగుతోంది. హైమవతి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ చేతికి మాత్రం ఏమీ తెలియడం లేదు.

అప్పుడు చెల్లెలి అరచేతిలో అంతా రాసింది. పొరల సంగతి, నల్లరాయి సంగతి, గోడ, ఉయ్యాల, గురువారం. రాసేటప్పుడు తన వేలు ఎంత గట్టిగా నొక్కుతోందో తెలియక, అంబిక చెయ్యి ఒకటి రెండుసార్లు ముడుచుకుంది.

అంతా అందుకుని అంబిక అడిగింది. "ఎంత బిడ్డ?"

"ఇంకా కూర్చోవడం రాలేదు."

"గురువారం తీయించుకుంటే ఆ ఇళ్లు?"

"నువ్వు ముఖ్యం."

అంబిక చెయ్యి విదిలించుకుంది. చాలా అరుదుగా వాడే గొంతుతో, బొంగురుగా, గట్టిగా "అక్కా!" అంది. ఆ వెంటనే అరచేయి లాక్కుని, ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసింది. హైమవతి చూసి చదువుకుంది.

"పెట్టించుకునేటప్పుడు నన్నడగలేదు. తీయించుకోడానికి నా పేరు చెప్పొద్దు."

ఆ తర్వాత రెండు రోజులు అంబిక అక్క చెయ్యి ముట్టుకోలేదు. మస్తానమ్మ వస్తే ఆమె వెంట వెళ్లింది, వచ్చింది, తింది, పడుకుంది. గురువారం పొద్దున్న హైమవతి తిరుపతి బస్సుకి తయారై బయటికొచ్చేసరికి, వసారాలో సంచి సర్దుకుని కూర్చుని ఉంది. సంచిలో రెండు చీరలు, ఒక దుప్పటి.

"ఎక్కడికి?" అని రాసింది హైమవతి.

"నువ్వు వెళ్లాలనుకుంటున్న చోటికి," అని రాసింది అంబిక. "ఆ ఊరేగా? నేనూ వస్తా. నువ్వొక్కదానివే ఏడుస్తూ చెయ్యొద్దు."

హైమవతి ఆ వసారాలోనే నిలబడి తిరుపతికి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది.

*

కంపెనీ మేనేజరు కోదండపాణి మొదట ఒప్పుకోలేదు. "మన ఒప్పందం గుట్టల వరకేనండీ. ఊళ్లో ఇళ్ల జోలికెళ్తే రేపు అందరూ మన మీద పడతారు," అన్నాడు. హైమవతి వాదించకుండా ఆయన్ని కస్తూరి ఇంటికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. గోడలో నల్లముద్ద కనిపిస్తున్న రాయికి మీటరు ఆనించింది. అది చేసిన చప్పుడుకి పాప నిద్ర లేచి ఏడ్చింది. కోదండపాణి కాసేపు పాపకేసి చూసి, లేచి బయటికెళ్లి ఎవరితోనో ఫోన్లో మాట్లాడాడు. మర్నాడు ఇద్దరు మేస్త్రీలు, ఒక ట్రాక్టర్ ఇటుక వచ్చాయి.

ఊరివాళ్లకి మాత్రం కోపమే వచ్చింది. గట్టి గోడలకి కన్నాలు పెడతామంటే ఎవరు ఊరుకుంటారు? పెంచలమ్మే అందరికన్నా గట్టిగా అడ్డం పడింది.

"నా మొగుడు ఎత్తిన గోడమ్మా ఇది. ఆయన చెయ్యి తగిలిన రాయి ఒక్కటీ కదల్చనీను."

అంబిక పక్కనే ఉంది. ఏం జరుగుతోందని అడిగితే, హైమవతి ఆమె అరచేతిలో రాసి చెప్పింది. అంబిక తడుముకుంటూ వెళ్లి పెంచలమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ ముసలి చేతిని తీసుకెళ్లి హైమవతి చేతిలో పెట్టింది. తర్వాత అక్క వేళ్లని ఒక్కొక్కటిగా గట్టిగా మెలిపెట్టింది. హైమవతి మొహంలో ఏ మార్పూ లేదు. పెంచలమ్మ ఆ వేళ్లకేసీ, మొహంకేసీ మార్చి మార్చి చూసింది.

"నెప్పి తెలీడం లేదా తల్లీ నీకు?"

"లేదవ్వా. ఆ రాళ్లు మాత్రం తెలుస్తున్నాయి."

పెంచలమ్మ చాలాసేపు ఆ చేతిని వదల్లేదు. చివరికి, "ఏ రాయో చూపించు. నేనే తీయిస్తా," అంది.

ఆ ఇంటితో మొదలైంది. హైమవతి పొద్దున్నే గోడ దగ్గర నిలబడి, కింది వరస నుంచి పైకి సున్నం మీద చేతులు జరుపుకుంటూ పోయేది. వేళ్లు ఉడికిన చోట బొగ్గుతో గుర్తు పెట్టేది. మేస్త్రీ సున్నం గీకి, రాయి మూల కొంచెం పగలగొట్టేవాడు. తారు మెరుపు కనిపిస్తే రాయి బయటికి, దాని చోట ఇటుక లోపలికి. కనిపించకపోతే వదిలేసేవారు. తీసిన రాళ్లని మూతల పీపాల్లో పెట్టి గనికి తీసుకెళ్లి లోతుగా పూడ్చేవారు. ఒక ఇంట్లో పది రాళ్లు వచ్చేవి, ఇంకో ఇంట్లో ఒక్కటీ ఉండేది కాదు. ఏమీ లేని ఇంటివాళ్లు కూడా, "ఇంకోసారి చూడమ్మా," అని బతిమాలేవారు.

అంబిక కస్తూరి పిల్లని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. కస్తూరి ఆమె చేతిలో రాయడం నేర్చుకుంది. మొదట "నీళ్లు", తర్వాత "కూడు", తర్వాత ఊరి కబుర్లు. ఊళ్లో ఆడపిల్లలు ఒకరొకరే వచ్చి తమ పేర్లు రాసిపోయేవారు. అంబిక అంత సంతోషంగా ఉండడం హైమవతి ఎప్పుడూ చూడలేదు. చూసి పక్కకి తిరిగి, మళ్లీ గోడ మీద చెయ్యి పెట్టేది. రోజురోజుకీ చేతుల్లో మిగతాదంతా చల్లారిపోతూ వచ్చింది. అన్నం కలుపుతుంటే అన్నం తెలియదు. నీళ్లు తెలియవు. ఒకసారి పొయ్యి మీద గిన్నె పట్టుకుని, చర్మం కాలిన వాసన వచ్చాక వదిలింది.

తొలకరి పడే ముందు చివరి ఇల్లు అయిపోయింది. ఆ సాయంత్రం కస్తూరి ఉయ్యాలని మళ్లీ పాత చోటే, ఇటుక అతుకులున్న గోడ పక్కనే కట్టింది.

*

తిరుపతిలో పొరలు తీసేశాక, కట్లు విప్పే రోజున అంబిక కూడా గదిలో ఉంది. ఎబెనేజర్ దూదితో వేళ్ల మీద రుద్దాడు. హైమవతి తల అడ్డంగా ఊపింది. అరచేతిలో రుద్దాడు. మళ్లీ అలాగే ఊపింది. చిమచిమలు కూడా లేవు ఇప్పుడు. చేతులు ఎవరివో అన్నట్టు ఒళ్లో పడి ఉన్నాయి.

"ఇంకొన్నాళ్లు చూద్దామండీ," అన్నాడు ఎబెనేజర్. ఆయన గొంతులో నమ్మకం లేదు.

"చూద్దాం లెండి," అంది హైమవతి, ఆయన్ని ఓదారుస్తున్నట్టు. "నేను మిమ్మల్ని ఏమీ అనడం లేదు."

అంబికకి విషయం తెలియాలి. హైమవతి చెల్లెలి అరచేతిలో "లేదు" అని రాసింది. వేలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ, మెల్లగా.

అంబిక లేచి, దూది పట్టుకున్న డాక్టర్ని భుజంతో పక్కకి నెట్టేసింది. అక్క చెయ్యి చాపించి బల్ల మీద పెట్టింది. అరచేతి మీద గీసి ఆగింది. మణికట్టు మీద గీసి ఆగింది. హైమవతి తన పాత అలవాటు కొద్దీ తల వంచి చూడబోయింది. అంబిక ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి, అరచేత్తో కళ్లు మూసేసింది.

చీకట్లో హైమవతి ఎదురుచూసింది. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత మోచేతి మడత దగ్గర, లోపలి వైపు, మెత్తటి చర్మం మీద ఏదో కదిలింది. వేలే. వెచ్చగా ఉంది. నిమ్మపులుసుకి మొరటుబారిన వేలు. అది ఒంపు తిరిగింది, మళ్లీ తిరిగింది.

"ఆ," అంది హైమవతి పైకి.

వేలు ఆగింది. కొంచెం పక్కకి జరిగి మళ్లీ మొదలైంది.

"క..." మూడో అక్షరం పూర్తి కాకముందే ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుస్తోంది.

"ఏమంటోందండీ?" ఎబెనేజర్ ఆత్రంగా దగ్గరికొచ్చాడు. "ఏం రాస్తోంది?"

"ఆకలేస్తోందట. పొద్దున్నించీ ఎవరూ ఏమీ పెట్టలేదట."

ఆయన కంగారుగా తలుపు వైపు కదిలాడు. హైమవతి కళ్లు మూసుకునే, రెండో చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపింది.

"ఉండండి," అంది. "ఇంకా ఏదో చెబుతోంది."